రూతమ్మకు జబ్బు లేదు

చాలా ఏళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. చెప్పవలసిన చోట చెప్పలేదు. చెప్పవలసిన మనుషులు బతికి ఉండగా చెప్పలేదు. ప్రార్థనకు మోకాళ్లూనిన ప్రతిసారీ దాని చుట్టూ తిరిగి వచ్చాను గాని, దాన్ని మాత్రం తాకలేదు. దేవుడికి ఎలాగూ తెలుసు కదా, నోటితో చెప్పడం దేనికి అనుకునేదాన్ని. అది తప్పించుకోవడమని నాకు అప్పుడూ తెలుసు.

ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు పెట్టి చెప్పుకునే ధైర్యం ఈ వయసులో కూడా రాలేదు. పిరికిదాన్ని. ఆ సంగతి మీకు మొదటే తెలియడం మంచిది.

విషయం ఇది. నా దగ్గర చదువుకున్న ఒక పిల్లకు క్షయ అనుమానం ఉందని నేను పదిమందికీ చెప్పాను. ఆ పిల్లకు ఏమీ లేదని డాక్టరు నా ముఖం చూసి చెప్పిన రోజునే చెప్పాను. పొరపాటున కాదు, తెలిసి చెప్పాను. ఆ అబద్ధం వల్ల ఆమె కాలేజీకి పోలేదు. ఆ అబద్ధం వల్లనే చచ్చిపోయింది. ఈ రెండో వాక్యం రాయడానికి నాకు ఈ ఉదయమంతా పట్టింది.

ఇన్నాళ్లకు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మా చర్చి సంఘం పెద్దలు ఇంటికి వచ్చారు. పిల్లల చదువుల నిధికి నా పేరు పెడతారట. నా చలవ వల్ల ఎంతమంది కాలేజీ గడప తొక్కారో చెప్పి శాలువా కప్పుతారట. వద్దన్నాను. వినయం అనుకున్నారు. ఒక ఆడమనిషి వంగి నా కాళ్లు పట్టుకోబోయింది. వాళ్లు వెళ్లాక నాకు అన్నం సయించలేదు. వినయం అట. ఎంత సులభంగా అనేశారు!

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం రోజులు. పుంగనూరులో మా క్రైస్తవుల వీధిలో ఉన్న చిన్న బడిలో నేను టీచరును. నాకు అప్పటికి ముప్పై నిండలేదు. ఎస్.ఎస్.ఎల్.సి. మంచి మార్కులతోనే ప్యాసయ్యాను. కాలేజీ చదువుతానని మా నాయనను అడిగాను. ఆయన గొంగడి కప్పుకొని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను మళ్లీ అడగలేదు. ట్రైనింగు చేసి బడిలో చేరాను. అమ్మ, నాయన ఇద్దరూ పోయాక తమ్ముడు దేవదానాన్ని నేనే సాకాను. దానం అని పిలిచేవాళ్లం. నాకంటే చాలా చిన్నవాడు. తల్లీ, అక్కా రెండూ నేనే.

మా ఆడవాళ్లలో ఒక అలవాటు ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, వండే గింజలు చేటలో పోసుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేస్తారు. అది దేవుడి కుండ. పూటపూటకూ వేస్తారు. ఇంట్లో తక్కువైనా ఆ పిడికిలి తక్కువ కాదు. ఆదివారం ఆ గింజలు కొంగున మూటగట్టి తెచ్చి చర్చిలో గోనెసంచిలో పోస్తారు. రాగులు, కొర్రలు, ఎప్పుడైనా బియ్యం, అన్నీ కలిసిపోయి ఉండేవి. వాటిని వేరుచేసి సంతలో అమ్మేవాళ్లు. ఒక ఆదివారం నేను లేచి నిలబడి, ఇందులో ఒక వంతు మన పిల్లల కాలేజీ చదువుకు పెడదామని అడిగాను. ఎవరూ కాదనలేదు. సారమ్మ అనే ఆమె, పొట్టి ఆవును పెట్టుకుని ఇంటింటికీ పాలు పోసి బతికే విధవ, నేను పూటకు రెండు పిడికిళ్లు వేస్తానని అందరి ముందు చెప్పింది. వేసింది కూడా.

ఆ మంచి పని నాదే. దాన్ని కాదనను. నాలా ఇంకో పిల్ల గోడవైపు తిరిగిన తండ్రి వీపు చూడకూడదనే అడిగాను. అప్పుడు నా మనసులో వేరే ఏమీ లేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, నన్ను నేను వెనకేసుకు రావడానికి కాదు. అంత మంచి ఉద్దేశంతో మొదలుపెట్టిన మనిషి ఆ తరువాత ఏం చేయగలదో మీకు తెలియాలి.

కిరసనాయిలుకు రేషను. దీపాల కింద చదివించే రోజులు కావు. అందుకని తెల్లవారుతూనే పిల్లలను చర్చి తూర్పు వసారాలో కూర్చోబెట్టేదాన్ని. హైస్కూలు చదువుతున్న మా వీధి పిల్లలు వాళ్లు. లెక్కలు, ఇంగ్లీషు వ్యాసం, కాలేజీవాళ్లు పిలిచి అడిగితే తల వంచుకోకుండా జవాబు చెప్పడం, ఇవన్నీ నేర్పేదాన్ని. నేను చూడని కాలేజీ గురించి నేనే చెప్పేదాన్ని. ఏడాదికి ఒక్కరిని పంపడానికే మా గింజలు సరిపోయేవి. ఎవరిని పంపాలనేది పేరుకు సంఘం నిర్ణయం. నిజానికి టీచరమ్మ ఎవరి పేరు చెబితే వాళ్లే.

సారమ్మ కూతురే రూతమ్మ. సన్నగా, పొడుగ్గా ఉండేది. పొద్దున్నే పాలు పోసి, ఆవుకు గడ్డి వేసి, తడిచేతులు పావడాకు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చేది. అందరికంటే ఆలస్యంగా వచ్చి అందరికంటే ముందు లెక్క ముగించేది. ఆ ఏడు ఎస్.ఎస్.ఎల్.సి. రాసినవాళ్లలో ఆమె మొదలు, మా దానం ఆ తరువాత. దానం తెలివిలేనివాడు కాదు. రూతమ్మ పక్కన నిలబెడితే తేలిపోయేవాడు, అంతే. ఆ ఏడు మదనపల్లె కాలేజీకి పోయేది రూతమ్మేనని మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. సారమ్మ కూతురి కోసం ఒక రేకుపెట్టె కొని, దాన్ని మంచం కింద కాదు, మంచం మీదే పెట్టుకుంది. ఇంటికి వచ్చినవాళ్లు దాన్ని చూడకుండా పోయేందుకు లేదు.

ఆ చలికాలం మా వీధిలో అందరికీ పడిశం పట్టింది. అందరికీ పోయింది. రూతమ్మకు దగ్గు మాత్రం కొన్నాళ్లు నిలిచిపోయింది. వేరే ఊళ్లో అయితే మిరియాల కషాయం తాగించి మరిచిపోయేవాళ్లు. మా వైపు అలా కాదు. మదనపల్లె దగ్గర పెద్ద క్షయ ఆసుపత్రి ఉంది. ఎక్కడెక్కడి నుంచో రోగులు అక్కడికి వస్తారు. నోటికి తుండు అడ్డం పెట్టుకుని బస్సు దిగే మనుషులను చిన్నప్పటి నుంచి చూసినవాళ్లం. దగ్గు వినబడితే మా తలలన్నీ అటు తిరుగుతాయి. పరీక్షల నాటికి ఆమెకు దగ్గు పూర్తిగా తగ్గింది. అయినా మా పాస్టరయ్య, పంపేముందు మదనపల్లెలో ఒకసారి చూపిద్దాం, నలుగురిలో ఉండవలసిన పిల్ల అన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఇంగ్లీషు వచ్చినదాన్ని కనుక నన్నే తీసుకుపొమ్మన్నాడు.

తీసుకుపోయాను.

డాక్టరు పెద్దవయసు మనిషి. తెలుగు రాదు. రూతమ్మను చీకటి గదిలో ఎక్స్‌రే తెర వెనక నిలబెట్టి చూశాడు, వీపు తట్టి చూశాడు, ఏవేవో అడిగాడు, ఆయన ఇంగ్లీషు ఆమెకు అందనప్పుడు నేను మార్చి చెప్పాను. ఆమె పక్క గదిలో రవిక వేసుకుంటూ ఉండగా నన్ను తన బల్ల దగ్గరికి పిలిచాడు. పిల్ల ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. బక్కగా ఉంది, పాలు అమ్మడమే కాదు తాగమని చెప్పండి అని నవ్వాడు. కాలేజీకి నిశ్చింతగా పంపండి అన్నాడు. ఇలాంటి టీచరు దొరకడం ఆ పిల్ల అదృష్టం అని కూడా అన్నాడు. కాగితం రాసివ్వమంటారా అని అడిగాడు. అక్కర్లేదు, మావాళ్లకు నా మాట చాలు అన్నాను.

ఎందుకు అక్కర్లేదన్నాను? ఎన్నిసార్లు అడిగి ఉంటానో నన్ను నేను. అప్పటికి అబద్ధం చెప్పాలని నాకు లేదు. ప్రమాణం చేసి చెప్పగలను, లేదు. మరి కాగితం ఎందుకు వద్దన్నాను? గది దాటకముందే నాలో ఏదో సిద్ధమైపోయిందా? తెలియదు. బయటికి వచ్చేసరికి రూతమ్మ వరండాలో బల్ల చివర, సగం కూర్చుని సగం లేచి ఉంది.

"డాక్టరయ్య ఏమన్నాడు టీచరమ్మా?"

"ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నాడు" అన్నాను.

"అంటే ఉండాదనా?"

"ఉందని కాదు. చూడాలన్నాడు."

"మరి కాలేజీ?"

అప్పుడైనా నాలుక వెనక్కి తిప్పుకోవచ్చు. తిప్పుకోలేదు. "ఒక ఏడు ఆగమన్నాడు. నలుగురిలో ఉండకూడదన్నాడు."

ఆమె ఏడవలేదు. ఏడుస్తుందని నేను ఎదురుచూశాను. ఏడిస్తే బహుశా నిజం చెప్పేసేదాన్నేమో. ఆమె లేచి నిలబడి, నా చేతిలోని సంచి తీసుకోబోయి, మళ్లీ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ సంచిలో మా ఇద్దరికీ కట్టుకొచ్చిన సద్ది ఉంది.

"మీరు తినండి టీచరమ్మా. నేను తాకను" అంది.

ఆ రోజుల్లో పెట్రోలు లేక బస్సులు బొగ్గు పొగతో నడిచేవి. ఎత్తు వస్తే దిగి తోసేవాళ్లం. పొద్దున వచ్చేటప్పుడు ఇద్దరం పక్కపక్కనే కూర్చుని వచ్చాం. తిరుగు ప్రయాణంలో నా పక్కన చోటు ఉంది. ఆమె వెనక్కి పోయింది.

"యాల అంత దూరం పోతావు, ఇటు రా" అన్నాను.

"ఒద్దు టీచరమ్మా. మీకు అంటుకుంటే దానం గతి ఏమి? ఈడ గాలి బాగుండాది, ఈడే కూసుంటాను."

ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కిటికీ వైపు ముఖం తిప్పుకుని, పుంగనూరు వచ్చేదాకా అలాగే కూర్చుంది. ఒక్కసారి కూడా దగ్గలేదు. నేను వింటూనే ఉన్నాను. ఒక్కసారి దగ్గినా నాకు ఎంత హాయిగా ఉండేదో!

దిగాక చెప్పి ఉండవచ్చు. ఇంటికి పోయాక చెప్పి ఉండవచ్చు. తెలుగు అర్థమైనట్టు ఇంగ్లీషు అర్థం కాలేదు, పొరపాటు పడ్డాను అని చెప్పినా సరిపోయేది. పాస్టరయ్య వాకిట్లోనే ఎదురయ్యాడు. చెప్పిందే మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పేటప్పుడు మాటలు వెదుక్కోలేదు. అబద్ధం కూడా పాఠంలాంటిదే, రెండోసారి అప్పజెప్పడం సులువు.

ఆ ఆదివారం పాస్టరయ్య ఆరాధనలో, మన బిడ్డ రూతు ఆరోగ్యం కోసం ప్రార్థిద్దాం అన్నాడు. ఆయన మంచితనం అది. కాని ఆ ప్రార్థనతో సంగతి వీధి దాటి ఊరంతా పోయింది. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను. సారమ్మ నా పక్క వరుసలోనే ఉంది. ఆమె అందరికంటే గట్టిగా అంది.

దానాన్ని పంపాలని నేను అడగలేదు. అడగవలసిన పనే రాలేదు. రూతమ్మ తరువాత మార్కులు వాడివే కదా అని సంఘమే అంది. సారమ్మ తన కూతురి కోసం కొన్న రేకుపెట్టెను మోసుకొచ్చి మా ఇంట్లో పెట్టింది. ఊరికే యాల పడుండాల, పిల్లోడు తీసుకుపోనీ అంది. నేను తీసుకున్నాను. మీరు నన్ను ఇంకా చదువుతున్నారా? నేనైతే ఈ పాటికి ఆపేసి ఉండేదాన్ని.

తరువాత జరిగినవి ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. సారమ్మ దగ్గర పాలు పోయించుకునేవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. ఆవుకు ఏమైంది, ఆవుకు దగ్గు లేదు కదా అని ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది. పాలు పిండేది రూతమ్మ అని అందరికీ తెలుసు. రూతమ్మ తనంతట తానే పిండడం మానేసింది. తనకొక ముంత, తినడానికి తనకొక తట్ట పెట్టుకుంది. పక్కింటి పసిబిడ్డ నడుచుకుంటూ వస్తే తలుపు వేసుకునేది. ఒక ఉదయం వసారా బయట, వేపచెట్టు అవతల నిలబడి, నేను చెప్పే పాఠం వింటూ కనిపించింది. నేను చూడనట్టు పాఠం చెప్పాను. మరునాడు రాలేదు.

ఆవును అమ్మేశారు. సారమ్మ తమ్ముడు చిన్నప్ప కుప్పం దగ్గర, రామకుప్పం వైపు పల్లెలో రాగులు పండించుకునేవాడు. గాలి మారితే మంచిదని సారమ్మ కూతుర్ని అక్కడికి పంపింది. బస్సెక్కించడానికి నేనూ పోయాను. దూరం నుంచే దండం పెట్టింది. అప్పటికి ఆమెకు ఏ జబ్బూ లేదు. బస్సు కదిలేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. ఆపడానికి మాత్రం కాదు.

చిన్నప్ప ఇంట్లో ఆయన తల్లి, అంటే రూతమ్మ అవ్వ, క్షయతో మంచం పట్టి ఉంది. ఆ సంగతి నాకు తెలియదు. తల్లికి ముసలితనపు ఆయాసం అని మాత్రమే సారమ్మకు తెలుసు. చిన్నప్ప భార్య అప్పుడే కాన్పై పసిబిడ్డతో ఉంది. అందుకని ముసలామెను ఇంటి వెనక మేకల కొట్టం శుభ్రం చేసి అందులో ఉంచారు. రూతమ్మ పోయింది. ఈమెకూ అదే జబ్బు అని ఉత్తరం ఏమీ లేకుండా, నోటిమాటగానే అందరికీ తెలుసు. ఎక్కడ ఉంచాలి? అదే కొట్టంలో ఉంచారు. ఒకరికొకరు తోడు అన్నాడట చిన్నప్ప. ఆయన తప్పు ఏముంది? ఇద్దరికీ ఒకే జబ్బు అని చెబితే ఎవరైనా అంతే చేస్తారు. మంచి మనసుతోనే చేశాడు.

రూతమ్మ ఆ ముసలామెకు ఒళ్లు తుడిచేది, గంజి తాగించేది, కఫం గిన్నె కడిగేది. నాకు ఎట్లనూ వచ్చింది కదా, ఇంక భయమేముంది అనుకుందట. ముసలామె మిగిల్చిన గంజి పారబోయడం ఎందుకని తాగేదట. కరువు రోజులు. ఈ మాట నాకు తరువాత చిన్నప్ప భార్య చెప్పింది. చెబుతూ రూతమ్మను మెచ్చుకుంది.

ఇక్కడ దానం గురించి కూడా చెప్పాలి. వాడు మదనపల్లెలో చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ఇంగ్లీషులో మాట్లాడబోయి నవ్వేవాడు. ఆదివారాలు సారమ్మ మూట తెచ్చి గోనెలో పోసేది. ఆవు లేదు, కూలికి పోతోంది, అయినా రెండు పిడికిళ్లే. ఒకసారి నేను, నువ్వు ఇంక ఒకటి వెయ్యి చాలు అన్నాను. దానం నా బిడ్డ కాదా టీచరమ్మా అంది. ఆ గింజలతో వచ్చిన చదువు మా తమ్ముడిది. ఆ చదువుతో వచ్చిన ఉద్యోగం తిండి నేను తిన్నాను. వాడికి చివరిదాకా ఏమీ తెలియదు. మంచివాడు. నిరుడు పోయాడు.

ఏడాది గడిచింది. సారమ్మ నా దగ్గరికి వచ్చింది. డాక్టరయ్య చెప్పిన ఏడు అయింది కదా, మళ్లీ ఒకసారి చూపిద్దామా అని అడిగింది. నేను చెప్పిన అబద్ధాన్ని ఆమె గుర్తు పెట్టుకుని దినాలు లెక్కపెట్టుకుంటూ ఉంది.  పోతే ఆ డాక్టరే ఉంటాడు. ఈ పిల్లకు ఏమీ లేదని నిరుడే చెప్పాను కదా అంటాడు. సారమ్మకు ఇంగ్లీషు రాకపోయినా రూతమ్మకు వస్తుంది. నేనేమన్నానో తెలుసా? వానలు పోనివ్వు సారమ్మా, బస్సులో తడిస్తే ఎక్కువవుతుంది అన్నాను. ఆమె సరేనంది. నా మొదటి అబద్ధానికి ఏదో ఒక సాకు వెదుక్కోవచ్చు, క్షణంలో జరిగిపోయిందని చెప్పుకోవచ్చు. దీనికి సాకు లేదు. ఇది కూర్చుని, ఆలోచించి, ముఖంలో జాలి కూడా తెచ్చుకుని చెప్పిన మాట. అప్పుడే చూపించి ఉంటే బహుశా ఆసుపత్రి విశ్రాంతి, మంచి తిండి పనిచేసేవేమో. నాకు తెలియదు. తెలుసుకునే అవకాశాన్నే నేను లేకుండా చేశాను.

వానలు పోయాక కబురు వచ్చింది. ముసలామె పోయిందని, రూతమ్మకు నోట రక్తం పడుతోందని. సారమ్మా నేనూ కుప్పం పోయాం. అక్కడి నుంచి బండి మీద పల్లెకు. కొట్టం వాకిట్లో గోనె పరుచుకుని ఎండకు కూర్చుని ఉంది. నేను గుర్తుపట్టలేదు. ఆమె నన్ను చూసి లేవబోయింది. లేవలేక నవ్వింది.

"దగ్గరికి రావద్దండి టీచరమ్మా" అంది. తరువాత, ఊపిరి కూడదీసుకుంటూ, ఒక్కొక్క మాటే అంది. "మీరు ముందే కనిపెట్టినారు. మీరు ఆపకపోయుంటే నేను కాలేజీకి పోయి ఆడ అందరికీ అంటించి ఉందును. ఎంత పాపమయ్యేది."

నాకు థ్యాంక్సు చెప్పింది. ఇంగ్లీషులో, నేను నేర్పిన పలుకుతో.

అప్పుడు నేను ఏం చేశానో చెప్పాలి. దగ్గరికి పోయి ఆమె చెయ్యి పట్టుకోలేదు. నిజం చెప్పలేదు. చనిపోయే పిల్లకు నిజం చెప్పి ఏం ప్రయోజనం, ఆమెకు ఇంకా బాధ అని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు వీలుగా ఉంది. సారమ్మ కొట్టం లోపలికి పోయి కూతురి గుడ్డలు మడతపెడుతూ గట్టిగా ఏడ్చింది. నేను వాకిట్లో నిలబడి, త్వరగా తగ్గుతుంది అమ్మా అన్నాను. మళ్లీ అబద్ధమే. ఆ వేసవి రాకముందే ఆమె పోయింది. అక్కడే, చిన్నప్ప చేను గట్టున పాతిపెట్టారు.

నేను చెప్పిందే నిజమైంది. ఊళ్లో నా మాటకు విలువ పెరిగింది. టీచరమ్మ చూపు డాక్టరు చూపు అన్నారు. ఆ తరువాత కాలేజీకి పంపే ప్రతి పిల్లనూ, పిల్లవాణ్నీ నన్నే మదనపల్లె తీసుకుపోయి చూపించమనేవాళ్లు. పోయేదాన్ని. ప్రతిసారీ డాక్టరు దగ్గర కాగితం అడిగి రాయించుకున్నాను. తెచ్చి పాస్టరయ్య చేతిలో పెట్టాను. పిల్లలను పంపడం ఒక్క ఏడు కూడా మానలేదు. ఆడపిల్లలనే ఎక్కువ పంపాను. దాన్ని మీరు పశ్చాత్తాపం అంటారేమో. సంఘం వాళ్లు సేవ అంటున్నారు. నాకైతే అది, తలుపు వేసి ఎవరూ చూడకుండా చేతులు కడుక్కోవడంలా ఉండేది. సారమ్మ ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది. నాకు పండగకు రాగి సంగటి, కోడికూర తెచ్చిపెట్టేది. తిన్నాను.

ఇంతవరకు చెప్పిందంతా నేను నాలో ఎన్నోసార్లు ఒప్పుకున్నదే. తమ్ముడి మీద ప్రేమతో చేశాను అని పేరు పెట్టుకుని ఒప్పుకున్నాను. తల్లిలేని పిల్లవాడు, వాడికి దారి చూపాలని బుద్ధి గడ్డి తిన్నది అని. ఎవరైనా వింటే కొంత జాలి పడే మాట అది. అందుకే దాన్ని పట్టుకుని వేలాడాను. అది నిజం కాదు. ఆ వరండాలో దానం నాకు గుర్తు కూడా రాలేదు. వాడు మరుసటి ఏడు పోయినా పోయేవాడే, గింజలు ఎక్కడికీ పోవు.

నిజం ఇది. ఆ ఉదయం, మదనపల్లెకు పోయేటప్పుడు, బస్సులో రూతమ్మ నా భుజానికి ఆనుకుని కూర్చుంది. కాలేజీలో ఏమేమి చెబుతారు, ఎన్ని పుస్తకాలు ఉంటాయి అని ఒకటే అడుగుతూ ఉంది. ఉన్నట్టుండి, మీరు కాలేజీకి యాల పోలేదు టీచరమ్మా అని అడిగింది. మాకు వీలుపడలేదు అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఏం కాదు టీచరమ్మా. నేను ఆడ నేర్చుకునేదంతా సెలవులకు వచ్చి మీకు చెప్తాను. అప్పుడు మీరూ చదివినట్లే గదా" అంది.

ప్రేమతో అంది. అంతకంటే ప్రేమగా నాతో ఎవరూ మాట్లాడలేదు, ఆ ముందూ, ఆ తరువాతా. ఆ మాట నాకు ఒంటి మీద వాత పెట్టినట్టు తగిలింది. మగపిల్లలు కాలేజీకి పోతే నాకు నొప్పి లేదు, వాళ్లు పోయేవాళ్లే. మా వీధి నుంచి మొదటిసారి ఒక ఆడపిల్ల పోతే, నేనూ పోయి ఉండవచ్చునని తేలిపోతుంది. ఆ పిల్ల తిరిగి వచ్చి వసారాలో కూర్చుని నాకు పాఠం చెబుతుంది, నేను తల ఊపుతూ వినాలి. డాక్టరు పిల్ల శుభ్రంగా ఉందన్నప్పుడు నాకు కనిపించింది అదే. అంతకు మించి ఇంకేమీ లేదు. ఓర్వలేకపోయాను.

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా ఇంత సూటిగా చెప్పుకోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించవలసింది మీరు కాదు, నేను అడగవలసినవాళ్లు మట్టిలో ఉన్నారు. శాలువా సంగతి రేపు సంఘం వాళ్లతో ఏం చెబుతానో నాకు తెలియదు. చెబుతానని మాట ఇవ్వను, నా మాట ఎలాంటిదో మీరు చూశారు. కాని ఓర్వలేకపోయాను అని రాసి, ఆ మాటను కొట్టివేయకుండా ఉంచాను. కాస్త తేలికగా ఉంది. అలా ఉండటం న్యాయం కాదని తెలుసు. అయినా ఉంది.